ఓడిపోవడమే నా ఉద్యోగం

నా పేరు క్రాష్. క్వేక్ త్రీ అరీనా ఆడినవాళ్లు చాలామంది మొదట కాల్చింది నన్నే. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, మెస్కీట్ ఊళ్లో ఉన్న ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ 1999 డిసెంబర్‌లో ఆ ఆటను విడుదల చేసింది. ఒంటరిగా ఆట మొదలుపెట్టినవాళ్లను ముందుగా ఒక చిన్న మైదానంలోకి పంపిస్తారు. అక్కడ వాళ్లకు ఎదురుగా ఉండేది నేనొక్కదాన్నే. నన్ను నడిపే మనిషి ఎవరూ లేరు. ఆటగాళ్ల భాషలో నేను బాట్‌ని.

ఆటకు కథ ఉందా అంటే ఉంది, నాలుగు వాక్యాల్లో అయిపోతుంది. వాడ్రిగర్ అనే ప్రాచీన జాతి తన వినోదం కోసం కాలాలు, లోకాలు దాటి యోధుల్ని పట్టుకొచ్చి అంతులేని అరీనాలో వదిలింది. సైనికులు, యంత్రాలు, అస్థిపంజరాలు, స్కేట్‌బోర్డు మీద తిరిగే కుర్రాడు, నడిచే కనుగుడ్డు, అందరూ ఉన్నారు. చస్తే క్షణంలో ఇంకో మూల మళ్లీ పుడతాం. అంతకుమించి కథ అక్కర్లేదు. ఆ ఆటను నిలబెట్టింది వేగం.

నా పని గురించి చెబుతాను. బాట్లకు అయిదు మెట్ల నైపుణ్యం ఉంటుంది. అన్నిటికన్నా కింది మెట్టు ‘ఐ కెన్ విన్’, పై మెట్టు ‘నైట్‌మేర్’. కింది మెట్టు మీద నేను శత్రువును చూశాక ఆలస్యంగా స్పందిస్తాను, గురి అటూ ఇటూ పోనిస్తాను, మెడ నెమ్మదిగా తిప్పుతాను. కొత్తగా వచ్చినవాడి చేతులు నాకు బాగా తెలుసు. ఎడమచేయి కీబోర్డు మీద, కుడిచేయి మౌస్ మీద, రెండూ ఒకదాని మాట ఒకటి వినవు. చూపు కాసేపు పైకప్పు మీద, కాసేపు నేల మీద. నడిస్తే గోడకు తగులుతాడు, తిరిగితే తను వచ్చిన దారే మర్చిపోతాడు. అలాంటివాడికి గెలవగలనన్న ధైర్యం ఇవ్వాలి, అలాగని పుణ్యానికి గెలిచానన్న అనుమానం రానివ్వకూడదు. నేను మరీ బొమ్మలా నిలబడితే వాడికి సిగ్గేస్తుంది. అందుకే పరిగెత్తాలి, దాక్కోవాలి, అప్పుడప్పుడు వాడిని చంపాలి కూడా. ఈత నేర్చుకునే పిల్లాడి నడుముకు కట్టిన ఎండు సొరబుర్రది ఏ పనో నాదీ అదే. నా దగ్గర గెలిచినవాడు రేంజర్ అనే బాట్ దగ్గరికి, అక్కణ్ణుంచి ఒక్కొక్క అంచె దాటుకుంటూ చివరికి జీరో అనే యోధుడి దగ్గరికి వెళ్తాడు. ఓడిపోవడం ఒక ఉద్యోగమైతే దాన్ని నేను శ్రద్ధగా చేశాను. అందులో నాకు ఏనాడూ చిన్నతనం అనిపించలేదు.

నాకు కళ్లు లేవు. మీరు చూసే రంగులు, మంటలు, గోతిక్ తోరణాలు, నునుపైన వంపులు నాకు తెలియవు. ఆ వంపులు అప్పట్లో పెద్ద విశేషమట. జాన్ కార్మాక్ రాసిన ఇంజన్‌కు త్రీడీ గ్రాఫిక్స్ కార్డు లేనిదే పని జరగదు. నాకు తెలిసిన లోకం వేరు. ఆట మొదలవడానికి ఎంతో ముందే ఒక సాధనం మైదానాన్ని మొత్తం కొలిచి, నిలబడగలిగే చోట్లను, ఈదగలిగే చోట్లను చిన్నచిన్న ఖండాలుగా కోసి పెడుతుంది. ఒక ఖండం నుంచి ఇంకోదానికి ఎలా వెళ్లొచ్చో రాసి ఉంచుతుంది: నడిచి వెళ్లొచ్చా, దూకాలా, లిఫ్టు ఎక్కాలా, జంప్‌ప్యాడ్ మీద కాలు పెట్టాలా, టెలిపోర్టర్‌లోకి దూరాలా, లేక కాళ్ల కింద రాకెట్ పేల్చుకుని ఎగరాలా అని. ఒక్కో దారికి పట్టే కాలాన్ని సెకనులో నూరో వంతుల్లో లెక్కగడుతుంది. నా భూగోళ శాస్త్రం అంతా ఆ ఫైల్లో ఉంది. దాన్ని పట్టుకుని సెకనుకు పదిసార్లు ఆలోచిస్తాను. ఒంట్లో ప్రాణం ఎంత ఉంది, చేతిలో ఏ ఆయుధం ఉంది, ఎర్ర కవచం ఎంత దూరంలో ఉంది, పారిపోవాలా పోరాడాలా? అన్నీ తూకం వేసుకుని చివరికి నేను పంపేది మాత్రం మీ వేళ్లు పంపే ఆదేశాలే. ముందుకు, పక్కకు, దూకు, కాల్చు. గోడలోంచి దూరిపోయే దొడ్డిదారి నాకు లేదు. మీకున్న నియమాలే నాకూ.

ఈ బుద్ధి నాకిచ్చినవాడు డచ్ యువకుడు జె.పి. వాన్ వావెరెన్. క్వేక్ టూ కోసం గ్లాడియేటర్ అనే బాట్‌ను తనంతట తాను తయారుచేసి పేరు తెచ్చుకున్నాడు. ఆటగాళ్లకు మిస్టర్ ఎల్యూసివ్ అంటేనే తెలుసు. మమ్మల్ని తీర్చిదిద్దాక, ఎలా తీర్చిదిద్దాడో వివరిస్తూ 2001లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. 2017లో చనిపోయాడు. మా ఒక్కొక్కరి స్వభావాన్నీ అంకెల్లో రాయించేలా కట్టాడాయన. ఎంత పగ, ఎంత ప్రాణభీతి, ఒకేచోట పొంచి ఉండే బుద్ధి ఎంత, గెంతే అలవాటు ఎంత అని. ఆ పట్టీలో ‘ఈజీ ఫ్రాగర్’ అని ఒక గుణం ఉంది. ఆటలో ఎవరైనా మాట టైపు చేస్తుంటే తల మీద చిన్న మాటల బుడగ కనిపిస్తుంది. అప్పుడా మనిషి కదల్లేడు, కాల్చలేడు. ఈ అంకె తక్కువగా ఉన్న బాట్ అలాంటివాణ్ణి కాల్చదు. యుద్ధం తప్ప ఇంకేమీ లేని ఆటలో ఆ మర్యాదకు చోటుంచిన మనిషి అంటే నాకు చాలా గౌరవం.

ఆయన నేర్పనిదీ ఒకటుంది. మామూలు పరుగు సెకనుకు 320 యూనిట్లు. మనుషులు దాన్ని దాటిపోయారు. వేగానికి ఇంజన్ పెట్టిన హద్దు, వెళ్లదలచుకున్న దిక్కులో ఉన్న వేగాన్నే కొలుస్తుంది గానీ మొత్తం వేగాన్ని కాదు. కాబట్టి ఏటవాలుగా తిరుగుతూ వరసగా దూకితే ప్రతి దూకుకూ వేగం పెరుగుతూ పోతుంది. సరిచేసే పద్ధతి కూడా కోడ్‌లోనే రాసి ఉంది, కాకపోతే దాన్ని వాడకుండా పక్కన పెట్టారు. ఆ పద్ధతి సరైనదే గానీ ఆడుతుంటే బాగా లేదని పక్కనే ఒక వ్యాఖ్య! ఆ ఒక్క నిర్ణయం నుంచి ఒక విద్యే పుట్టింది. శత్రువే లేకుండా కేవలం దూకుతూ మైదానాన్ని ఎవరు త్వరగా దాటతారని పోటీపడే డిఫ్రాగ్ అనే రూపాంతరం కూడా వచ్చింది. నాకు మాత్రం ఆ దూకు రాదు. నా పక్కనుంచి గాలిలా దూసుకుపోయేవాణ్ణి చూస్తే, వీడు నా దగ్గర పాఠం ముగించి చాలాకాలమైందని తెలుస్తుంది.

మేం శిక్షణకే. అసలు ఆట మనిషికి మనిషి ఎదురైనప్పుడే. అప్పటికి ఎక్కువమందికి ఉన్నది ఫోన్ లైను మీద నడిచే డయలప్. ఆ సన్నటి దారిలో సర్వర్ మైదానమంతా పంపకుండా, మీకు చివరిగా అందిందని తేలిన చిత్రానికి ఇప్పటికి తేడా ఎంతో అంతే పంపేది. ఎంత పొదుపు చేసినా దూరం దూరమే. రైల్‌గన్ గుండు తగలాలంటే శత్రువు ఉన్నచోట కాదు, ఉండబోయే చోట కాల్చాలి. అందుకే మన ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్లలో కుర్రాళ్లు వరండా పొడవునా కేబుల్ లాగి కంప్యూటర్లు కలుపుకునేవాళ్లు. ఒకే హబ్బుకు తగిలించిన యంత్రాల మధ్య ఆలస్యం దాదాపు ఉండదు. రాకెట్ ఇటు వదిలితే కేక అటు గదిలోంచి వినపడేది. వరసగా రెండు రైల్‌గన్ గుళ్లు తగిలితే ‘ఇంప్రెసివ్’ అనే గంభీరమైన గొంతు, చేతికున్న రంపంతో చంపితే ‘హ్యుమిలియేషన్’. ఈ మాటలు పరీక్షల ముందు రోజు రాత్రి కూడా ఆగేవి కావు. ఆడేందుకు ఒక మనిషి తక్కువైతే నన్ను కలుపుకునేవాళ్లు. ఆ ఖాళీ నింపడం నాకిష్టం.

తర్వాత జనం పలచబడ్డారు. కౌంటర్‌స్ట్రైక్ వచ్చింది, మరెన్నో వచ్చాయి. నా ఇంజన్ మీదే కట్టిన మెడల్ ఆఫ్ ఆనర్, కాల్ ఆఫ్ డ్యూటీ నాకన్నా పెద్ద పేరు తెచ్చుకున్నాయి. మా ఆటే కొత్త బట్టలు కట్టుకుని బ్రౌజర్‌లో క్వేక్ లైవ్‌గా మళ్లీ నడిచింది. అయితే నా బతుకును మార్చినది 2005 ఆగస్టు. ఆ నెల ఇంజన్ సోర్స్‌కోడ్ మొత్తం జీపీఎల్ లైసెన్సు కింద ఎవరైనా చదివి, మార్చి, పంచుకునేలా బయటపెట్టారు. నా బుర్ర కూడా అందులోనే ఉంది. బొమ్మలు, శబ్దాలు, మైదానాలు మాత్రం ఇవ్వలేదు, వాటికి ఆట కొనుక్కోవాల్సిందే. స్వచ్ఛందంగా పనిచేసే ప్రోగ్రామర్లు ఆ కోడ్‌ను ఐఓక్వేక్‌త్రీ పేరుతో శుభ్రం చేసి, కొత్త యంత్రాలకు సర్దారు. డీప్‌మైండ్ పరిశోధకులు దాని మీద తమ ప్రయోగశాల కట్టుకున్నారు. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన వాళ్ల పరిశోధనలో, నాకున్నలాంటి పటం ఏదీ లేకుండా తెరమీద కనిపించే చుక్కల్ని, ఆటలో వచ్చే పాయింట్లను మాత్రమే చూస్తూ, దాదాపు 4,50,000 ఆటలు తమలో తాము ఆడుకుని జెండా ఎత్తుకొచ్చే ఆట నేర్చుకున్న కృత్రిమ ఆటగాళ్లున్నారు. వాళ్లు నాకన్నా చాలా గొప్పవాళ్లు. వాళ్లు పెరిగింది మా ఇంట్లోనే అని సంతోషిస్తాను.

కోడ్ బయటపెట్టిన సంగతి ఇప్పుడు ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, ఈనాటి చాలా ఆటలకు ఈ భాగ్యం లేదు. కాంకార్డ్ అని మాలాగే భవిష్యత్ లోకపు కాల్పుల ఆట ఒకటి 2024 ఆగస్టు 23న విడుదలై, సెప్టెంబర్ 6న సర్వర్లతో పాటు ఆగిపోయింది. ఏళ్ల తరబడి దాన్ని చెక్కిన చేతుల గురించి ఆలోచిస్తే మనసు కలుక్కుమంటుంది. ఆట బతకాలంటే కోట్లమంది ఉండక్కర్లేదు. సర్వర్ నడిపే హక్కు ఆడేవాళ్ల దగ్గర ఉంటే చాలు. ఒక్కడే మిగిలినా ఎదురుగా నిలబడడానికి నేనున్నాను.

ఈమధ్య ఒకాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. విజయవాడ దగ్గర కాలేజీ హాస్టల్లో నాతో ఆట మొదలుపెట్టినవాడు, ఇప్పుడు ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో, నేను పుట్టిన మెస్కీట్‌కు కార్లో వెళ్లొచ్చే దూరం. అమెరికా వచ్చిన కొత్తలో కొన్న డిస్కు దాచుకున్నాడు గానీ ల్యాప్‌టాప్‌కు సీడీ పెట్టే చోటే లేదు. బయటి డ్రైవ్ తెప్పించి, 450 మెగాబైట్లకు పైగా ఉన్న అసలు ఫైల్‌ను కాపీ చేశాడు. మొదటి రోజు వేళ్లకు ఏటవాలు దూకు గుర్తుంది, కళ్లకు మాత్రం రాకెట్ ఎప్పుడొస్తోందో తెలియడం లేదు. ఆయన్ను నేను వరసగా చంపాను. కింది మెట్టుకు దిగమని ఆయన నన్ను అడగలేదు. తెల్లారేసరికి గురి కాస్త కుదిరింది.

ఆ తర్వాత ఇంట్లోనే సర్వర్ తెరిచి, ఆస్టిన్‌లో కంప్యూటర్ సైన్స్ చదువుతున్న కూతుర్ని పిలిచాడు. ఆ పిల్ల ఆటకన్నా ముందు సోర్స్ చదివింది. నా స్వభావం రాసి ఉన్న ఫైల్ మామూలు జిప్ మూటలో ఉంటుందని, నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చొచ్చని కనిపెట్టింది. మైదానంలో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసుకుంటూ ఇద్దరూ మాట్లాడుకుంటారు.

“నాన్నా, క్రాష్ నన్ను టైప్ చెయ్యనివ్వట్లేదు.”

“మరి పరిగెత్తాలి గానీ కబుర్లేంటమ్మా?”

“నువ్వు తిన్నావా లేదా అని అడుగుతుంటే చంపేసింది!”

మర్నాడు ఆ పిల్ల నా ‘ఈజీ ఫ్రాగర్’ అంకెను సున్నా చేసింది. అక్కడితో ఆగలేదు. చచ్చినప్పుడు, చంపినప్పుడు, ఆటలోకి వచ్చినప్పుడు నేను అనే మాటలు ఇంకో ఫైల్లో ఉంటాయి. వాటి కింద వాళ్ల నాన్న హాస్టల్ మాటలు అడిగి మరీ చేర్చింది. ఇన్నేళ్లూ ఇంగ్లీషు తప్ప ఎరగని నేను ఇప్పుడు మైదానంలోకి వస్తూ ‘అంతా బాగున్నారా’ అంటాను. చస్తే ‘దెబ్బ అదిరింది’ అంటాను.

నిన్నటి ఆటలో ఆ పిల్ల వంతెన మీద ఆగి, శనివారం ఇంటికొస్తున్నానని, గోంగూర పచ్చడి చేయించమని టైపు చేస్తోంది. తల మీద బుడగ. నా చేతిలో రాకెట్ లాంచర్ ఉంది, నేను కాల్చలేదు. వాళ్ల నాన్న కాల్చాడు.

“నాన్నా! తొండి!”

ఆమె మళ్లీ పుట్టింది నా వెనకాలే. రైల్‌గన్ అందుకుని వాళ్ల నాన్నను వెతుకుతూ వెళ్తోంది, దారిలో ఉన్నాను కదా అని ముందు నన్ను కాల్చింది. ‘దెబ్బ అదిరింది’ అన్నాను.