బుడగల మామ

బుడగల మామ ఇంటికి దాహంతో వెళ్ళకూడదు. మంచినీళ్ళు అడిగితే గ్లాసులో ఏదో పసుపుపచ్చగా, పైన నురగతో వస్తుంది. ‘ఏమిటి మామా ఇది?’ అంటే ‘ముందు తాగు, తర్వాత చెప్తా’ అంటాడు. తాగాక చెప్పడు. మన మొహం వంక చూస్తూ కూర్చుంటాడు. కనుబొమ్మ ఎగిరితే అల్లం ఎక్కువైందని, పెదవి వంకర పోతే ఒక రోజు ముందే వడకట్టి ఉండాల్సిందని నోటుబుక్కులో రాసుకుంటాడు.

తమిళనాడు ధర్మపురి పక్కన చెట్టికరైలో ఉన్న ఈయన్ను ఒక్క మనిషి అనుకోకండి. ఇదొక జాతి. ఇంట్లో ఏదో ఒకటి పులియబెట్టి, అది పొంగిందా లేదా అని చూసుకుంటూ బతికే జాతి. వీళ్ళను గుర్తుపట్టడం తేలిక. వంటింటి అటకమీద ఖాళీ హార్లిక్స్ సీసాలు ఒక్కటీ పాత సామాన్లవాడికి పోవు. ప్రతి సీసాకు పాత పంచె ముక్క, దానికొక రబ్బరు బ్యాండు, తారీకు రాసిన చీటీ. ఊరికి వెళ్ళాల్సి వస్తే తాళం చెవి కన్నా ముందు పక్కింటివాళ్ళ చేతికి ‘రోజూ ఒక స్పూను అల్లం, ఒక స్పూను చక్కెర వేయండి’ అన్న కాగితం చేరుతుంది. మామి దీనిమీద ఎప్పుడో మాట్లాడటం మానేసింది. దోసెల పిండి పెట్టుకోడానికి చోటు మాత్రం అడుగుతుంది.

ఈ జాతిలో వయసును పళ్ళు చూసి కాదు, అడిగే ప్రశ్న చూసి చెప్పాలి. ఇరవయ్యేళ్ళవాడు ‘ఎక్కుతుందా?’ అంటాడు. నలభై దాటినవాడు ‘ఎంతుంది?’ అంటాడు. అరవై దాటినవాడు ‘అరుగుతుందా?’ అంటాడు.

మామతో కలిపి ఆ కుటుంబంలో ముగ్గురూ ఉన్నారు. మనవడు ఇక్కడి ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతున్నాడు. వాడూ వాడి స్నేహితులూ కలిసి ఫోనులో చూసి ద్రాక్షపళ్ళు, చక్కెర, బేకరీ ఈస్టు ఒక డబ్బాలో వేసి మంచం కింద దాచారు. గాలి తగలకూడదని ఫోను చెప్పింది. అయినా గంటకొకడు మూత తీసి వాసన చూశాడు. గాలితోపాటు వచ్చిన బాక్టీరియా తన పని తాను చేసుకుపోయింది. రెండు వారాలకు డబ్బాలో తేలింది మంచి వెనిగర్. ఈ వయసువాళ్ళను చట్టం కన్నా ముందు అసిటిక్ ఆమ్లం కాపాడుతుంది.

చట్టం మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. మన మామ సామాన్యమైన నేలమీద పుట్టలేదు. దేశంలో మద్యనిషేధం మొట్టమొదట వచ్చింది సేలం జిల్లాకు, 1937 అక్టోబరు 1న. రాజాజీ తెచ్చారు. ధర్మపురి అప్పట్లో సేలంలోనే ఉండేది. విడి జిల్లా అయింది 1965లో. కల్లు దుకాణాలు మూయడంతో ఖజానాకు పడ్డ గండి పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను పుట్టింది. తాగేవాడు మానితే మానాడు, ఉప్పూ పప్పూ కొనేవాడు కూడా కట్టాల్సి వచ్చిందని మామ తండ్రి చివరిదాకా సణిగేవాడట. ఆ తర్వాత నిషేధం 1971లో పోయి, 1974లో వచ్చి, 1981లో మళ్ళీ పోయింది. 1987 నుంచి కల్లు గీయడం బందు. 2003 నుంచి చిల్లర అమ్మకమంతా సర్కారువారి టాస్మాక్ చేతిలో. కొనుక్కుని ఎంతైనా తాగొచ్చు, ఇంట్లో చెంబెడు కాచుకుంటే నేరం. అందుకే చెట్టికరైలో ఈ కళ వేరే దారి పట్టింది. లోకమంతా ఎక్కించడానికి పులియబెడితే, మామ ఎక్కకముందే ఆపడానికి పులియబెడతాడు.

ఆపడం అంత తేలికా? ఆహార భద్రత నిబంధనల ప్రకారం నూటికి అర పాలు ఆల్కహాలు దాటితే అది మద్యం. కొంబుచా అనే పులిసిన టీకి లీటరు నీళ్ళకు డెబ్బై ఎనభై గ్రాముల చక్కెర, కాస్త టీ పొడి, పైన తేలే ఆ జిగురు అట్ట. వారం పది రోజులు ఉంచమని పుస్తకాలు చెబుతాయి. ఆ పుస్తకాలు రాసినవాళ్ళెవరూ కత్తెర ఎండల్లో ధర్మపురి చూడలేదు. ఇక్కడ ఐదో రోజుకే సీసా పళ్ళు కొరుకుతూ ఉంటుంది. పైగా నీళ్ళ గొడవ. బోరు నీళ్ళలో ఫ్లోరైడు. హొగేనక్కల్ నుంచి వచ్చే కొళాయి నీళ్ళలో క్లోరిన్, అది సూక్ష్మజీవులకు సరిపడదు. అందుకని మామ ఒక బిందెడు నీళ్ళు కాచి చల్లార్చి ‘ఎవరూ ముట్టుకోవద్దు’ అని పెడతాడు. ఇంట్లో అందరికీ దాహం వేసేది సరిగ్గా ఆ బిందె చూసినప్పుడే.

ఒకసారి బస్టాండు దగ్గర పోలీసాయన సంచీ విప్పించాడు. నాలుగు ప్లాస్టిక్ సీసాలు, గ్యాసుకు గట్టిపడి నిక్కి ఉన్నాయి.

‘ఏమిటివి?’

‘అల్లం పానీయం సార్. నేనే చేశాను.’

‘ఎక్కుతుందా?’

‘అమ్మతోడు, ఎక్కదు సార్!’

పోలీసాయన సీసా తిరగేసి మరగేసి చూసి, జాలిగా సంచీలో పెట్టేశాడు. ‘మరెందుకయ్యా ఇంత కష్టం?’

మామకు జైలు తప్పింది కానీ ఆ ప్రశ్న ఇంకా అరగలేదు.

ఇక నలభైల వాడు. మామ కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. అతనికి ఈ బాధలేవీ లేవు. అమెరికాలో 1978లో కార్టర్ సంతకం పెట్టాక, ఇంట్లో బీరు కాచుకోడానికి కేంద్రం అడ్డు తొలగింది. పెద్దవాడు ఒక్కడే అయితే ఏడాదికి వంద గ్యాలన్లు, ఇద్దరున్న ఇల్లయితే రెండు వందలు, అంటే సుమారు 757 లీటర్లు, అమ్మకుండా తాగొచ్చు. అయినా అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోలేదు. కొడుకు కారు బయట ఎండలో ఉంటుంది, స్టీలు డ్రమ్ములు గ్యారేజీలో ఏసీలో ఉంటాయి. అతను రుచి గురించి మాట్లాడడు. గురుత్వం, ఉష్ణోగ్రత, ఈస్టు రకం, దశాంశ స్థానాలు. వాట్సాప్‌లో మనవరాలి ఫోటో ఒకటి వస్తే హైడ్రోమీటరు ఫోటోలు ఆరు వస్తాయి.

పోయిన వేసవిలో ఊరికి వచ్చినప్పుడు అతని కన్ను అవ్వ కుండమీద పడింది. మామ తల్లికి ఎనభై దాటాయి. రాత్రి రాగిపిండి నీళ్ళలో కలిపి పులియబెడుతుంది, పొద్దున నూకలతో కాస్తుంది, చల్లారాక మజ్జిగ పోసి చిన్నుల్లిపాయలు వేస్తుంది. కొలత లేదు, చీటీ లేదు, మూత తీసి చూడటం అంతకన్నా లేదు. కొడుకు జేబులోంచి లిట్మస్ లాంటి కాగితం తీసి పులిసిన పిండిలో ముంచి, రంగు మారడం చూసి అరిచాడు:

‘నాయనా, నాలుగు! సరిగ్గా నాలుగు!’

‘నాలుగేమిట్రా,’ అంది అవ్వ, ‘ఆరు చెంబులు పోశాను.’

ఆమ్లత్వం గురించి తండ్రీ కొడుకులు ఆమెకు అరగంట చెప్పారు. అంతా విని ఆమె ఒక్కటే అడిగింది: ‘ఇంకా ఎవరు తాగలేదు?’

పై మూడు ప్రశ్నల్లో ఇది లేదు. తమిళుల ఆడి మాసంలో మారియమ్మ గుడి దగ్గర అండాలకొద్దీ అంబలి కాచి ఊరందరికీ పోసేవాళ్ళకు ఇదే ప్రశ్న. ఎక్కుతుందో, ఎంతుందో, అరుగుతుందో వాళ్ళకు పట్టదు. గిన్నె పట్టుకుని ఇంకా ఎవరు నిలబడి ఉన్నారన్నదే లెక్క. మామ కూడా ఓ ఆడి శుక్రవారం తన అల్లం సీసాలు పన్నెండు గుడి దగ్గర బల్లమీద పేర్చాడు. అంబలి వరుస వీధి మలుపు దాటింది. మామ బల్ల దగ్గర ఆగినవాళ్ళు చాలామంది ‘ఖాళీ సీసా ఇస్తారా, అంబలి పట్టుకెళ్ళాలి’ అని అడిగినవాళ్ళే.

అయినా మామ మీద కోపం తెచ్చుకోలేం. వ్యసనాలన్నిట్లోకీ ఇది వింతైనది. ఇందులో చేసేవాడు తాగడు, తాగేవాడు అడగడు. ఖర్చు ఒకరిది, కడుపు ఇంకొకరిది. సీసా పగిలితే నేల తుడిచేది మామి. మీ ఊళ్ళోనూ ఇలాంటివాడు ఉండే ఉంటాడు. ఆయన సీసా ఇస్తే వద్దనకండి, ‘బాగుంది’ అని ఊరుకోకండి కూడా, ఆ మాట నమ్మడు. ‘పోయినసారి కన్నా బాగుంది’ అనండి. పోయినసారిది మీరు తాగకపోయినా ఫరవాలేదు. ఆయనా తాగలేదు.