ఒక జీబీ బతుకు

నేను అంగట్లోకి రాకముందే నన్ను గురించి లోకమంతా వినేసింది. ఫోన్లలో ఆ యోగం అందరికీ ఉండదు. 2014 జూన్ 25న శాన్‌ఫ్రాన్సిస్కోలో గూగుల్ ఏటా జరిపే డెవలపర్ల సభ, ఐఓ. సుందర్ పిచాయ్ వేదిక మీద ఒక ఫోన్ పట్టుకుని గుణగణాలు ఏకరువు పెట్టాడు: నాలుగున్నర అంగుళాల తెర, రెండు సిమ్ములు, మెమరీ కార్డు, ఎఫ్ఎం రేడియో, వెల వంద డాలర్ల లోపు. పథకం పేరు ఆండ్రాయిడ్ వన్. మొదట దిగేది ఇండియాలోనే అన్నాడు. అన్నట్టే సెప్టెంబరు 15న ఢిల్లీలో మైక్రోమాక్స్, కార్బన్, స్పైస్ పేర్లతో మేం ముగ్గురు అన్నదమ్ములం బయటికొచ్చాం. ధర 6,399 రూపాయల నుంచి మొదలు. ముగ్గురి లోపలా సరుకు ఒకటే: మీడియాటెక్ చిప్పు, ఒక జీబీ ర్యామ్, నాలుగు జీబీల నిల్వ. వాళ్లలో నేనెవరో చెప్పను. వీపు మీది పేరు చేతి చెమటకు ఎప్పుడో చెరిగిపోయింది.

మొదట్లో మమ్మల్ని ఆన్‌లైన్‌లోనే అమ్మారు. మావాడు పులివెందులకు వచ్చి కొరియర్ ఆఫీసులో నన్ను అందుకున్నాడు. అప్పుడు అక్కడి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీలో చదువుతున్నాడు. నన్ను కొన్న దుడ్డు చీనీకాయలది. వాళ్ల నాయన కాయలు మండీకి తోలి, టన్నుకు ఇన్ని కిలోలని వ్యాపారులు తీసే సూట్ పోగా మిగిలినదాంట్లోంచి లెక్కబెట్టి ఇచ్చాడు. ఈ సూట్ సంగతి గుర్తుంచుకోండి. నా ఉద్యోగమంతా దాని చుట్టూనే తిరిగింది.

ఉద్యోగమని ఎందుకన్నానంటే, మావాడు నన్ను మాట్లాడటానికి కొనలేదు. వాడికి యాప్‌లు రాయాలని కోరిక. 2013 ఐఓలో ప్రకటించిన ఆండ్రాయిడ్ స్టూడియోను ఒక పాత ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకున్నాడు. అది తెరుచుకునేలోపు వాళ్ల జేజి ఒక వక్క నమిలి ఉమ్మేసి వచ్చేది. అందులో ఎమ్యులేటర్, అంటే తెర మీద ఉత్తుత్తి ఫోన్, నడిపిద్దామంటే మిషన్ బిగుసుకుపోయేది. అందుకని వైరుతో నన్ను తగిలించి, రాసింది రాసినట్టు నాలోకి పంపేవాడు. ఆడితే నవ్వేవాడు, ఆగిపోతే నావంక చూసి పళ్లు కొరికేవాడు. కొన్నాళ్లకు వాడికే ఒక సూత్రం పట్టుబడింది: దీంట్లో ఆడితే యాడైనా ఆడుతుంది.

ఐఓ అంటే వాడికి జాతర. కాలిఫోర్నియాలో పొద్దున సభ మొదలయ్యేటప్పటికి మా ఊరు లింగాలలో రాత్రి పదో పదిన్నరో అవుతుంది. మే నెల. మిద్దె మీద బండలు ఆ వేళకీ కాలుతుంటాయి. సిగ్నల్ మిద్దె మీదే కాబట్టి చాప అక్కడే పరిచేవాడు. 2015లో నేను 3జీ ఫోన్‌నే అయినా గాల్లో ఉన్నది ఎక్కువ సేపు 2జీనే. బొమ్మ కదిలేది కాదు, మాట తెగేది. అయినా తెర మీద గుండ్రంగా తిరిగే ఆ చక్రాన్ని ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండేవాడు. మరుసటి రోజు పులివెందుల నెట్ సెంటర్‌లో మొత్తం వీడియో దించుకుని, నా మెమరీ కార్డులో వేసుకుని, మళ్లీ మొదటి నుంచి చూసేవాడు. ఏం చెబుతారో ముందే తెలిసినా అదే చోట చప్పట్లు.

"ఏందిరా అబ్బీ, నడిరేయి ఎవురికి చప్పట్లు కొడతాండావు?" అని కింద నుంచి నాయన.

"కొత్త ఆండ్రాయిడ్ వస్తాంది నాయనా."

"వస్తే రానీ. ఆ మోటరు ఆపొచ్చినావా లేదా?"

సభకు పోవాలంటే మాటలా! 2013లో టికెట్లు 49 నిమిషాల్లో చెల్లిపోయాయట. ఆ మరుసటి ఏడాది నుంచి లాటరీ పెట్టారు. లాటరీ తగిలినా టికెట్ 900 డాలర్లు. అంత దుడ్డుకు నాలాంటి వాళ్లు తొమ్మిదిమంది వస్తారు. మావాడు ఆ లెక్క ఒకసారి వేసి మళ్లీ దాని జోలికి పోలేదు.

ఊళ్లో ఇంకో పక్షం కూడా ఉండేది. చిత్రావతి ఏటి అవతల, మాకు దగ్గర్లోనే అనంతపురం జిల్లా యల్లనూరు మండలంలో బుక్కాపురం ఉంది. సత్య నాదెళ్ల తండ్రి, ఐఏఎస్ అధికారి యుగంధర్ గారి సొంతూరు అదే. 2014 ఫిబ్రవరి 4న నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యాడని పేపర్లో పడగానే నాయన మనసు అటు మళ్లింది. నాదెళ్ల పెరిగింది హైదరాబాదులో, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివాడు అని మావాడు చెప్పినా ఒప్పుకోలేదు. "నీళ్లు ఈ చిత్రావతివే కదరా" అన్నాడు. పార్నపల్లె దగ్గర చిత్రావతి రిజర్వాయరు వల్ల తోట పచ్చబడ్డ మనిషి, ఆ మాట అనే హక్కు ఆయనకుంది. 2015 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ల బిల్డ్ సభలో విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్‌ను ఉచితంగా ఇస్తున్నామన్నారు. తర్వాతి రోజుల్లో మావాడు కూలబడి రాసుకునేది అందులోనే. ప్రకటన ఒక సభది, పని ఇంకో సభది. తండ్రి పక్షం గెలిచిందో కొడుకు పక్షం గెలిచిందో నాకిప్పటికీ తేలలేదు.

2015 ఐఓలో ఆండ్రాయిడ్ ఎం చూపించారు. తర్వాత దాన్నే మార్ష్‌మాలో అన్నారు. అందులో డోజ్ అని ఒకటి: ఫోన్ కదలకుండా పడి ఉంటే లోపలి పనులన్నీ నిద్రపోతాయి, బ్యాటరీ మిగులుతుంది. మావాడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. నాకూ సంతోషమే, నాది చిన్న బ్యాటరీ. ఆ శీతాకాలానికే మార్ష్‌మాలో నాలోకి దిగింది. వ్యవసాయ కరెంటు విడతలవారీగా వచ్చే రోజులవి. మోటరు వేళకు నాయనను లేపడానికి మావాడు ఒక అలారం యాప్ రాసి నాలో పెట్టాడు. నేను కిటికీలో కదలక మెదలక పడి ఉన్నాను కాబట్టి, కొత్త నియమం ప్రకారం ఆ అలారాన్నీ నిద్రపుచ్చాను. నాయన లేచేసరికి తెల్లారింది, కరెంటు పోయింది, చెట్లకు తడి అందలేదు. నిద్రలోనూ మోగాల్సిన అలారాలకు వేరే పిలుపు ఉందని మావాడు పత్రాలు చదివి పట్టుకుని, తెల్లవారుజామున మూడింటికి నన్ను కిటికీలో పెట్టి పరీక్షించాడు. నిజం చెప్పాలంటే, వాడు డెవలపర్ అయింది ఆ రాత్రే. చప్పట్లు కొట్టినవాడు పత్రాలు చదవడం మొదలుపెట్టాడు.

మార్ష్‌మాలో తర్వాత నాకు ఏదీ రాలేదు. నూగా, ఓరియో, పై అని పేర్లు వింటూ ఉన్నాను, అంతే. 2016 సెప్టెంబరులో జియో వచ్చి ఊరూరా 4జీ సిమ్ములు పంచితే నాకు 4జీ అందుకునే అవయవమే లేదు. ఇంట్లో వాళ్లంతా కొత్త ఫోన్లకు మారిపోయారు. నేను మావాడి సంచిలో పరీక్ష ఫోన్‌గా మిగిలాను.

2017 మే 17 రాత్రి వాడు బెంగళూరులో ఒక హాస్టల్ గదిలో ఉన్నాడు, ఉద్యోగం వెతుక్కుంటూ. ఆండ్రాయిడ్ యాప్‌లు ఇకమీదట కోట్లిన్ భాషలోనూ రాయొచ్చని వేదిక మీద చెప్పగానే అక్కడ సభికుల కేక. ఇక్కడ గదిలో నలుగురు రాయలసీమ పిల్లల కేక, పక్క గది వాళ్లు తలుపు కొట్టేదాకా. అదే సభలో ఆండ్రాయిడ్ గో అన్నారు: ఒక జీబీ, అంతకు తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్ల కోసం తేలికపాటి ఆండ్రాయిడ్. చెవులు నిక్కబొడుచుకుని విన్నాను. కొత్తగా పుట్టబోయే ఒక జీబీ ఫోన్లకట. సరేలే అనుకున్నాను. అయితే ఆ పథకం పుణ్యమా అని చిన్న ఫోన్లకు తగ్గట్టు రాయడం పెద్ద కంపెనీల్లోనూ ఒక నైపుణ్యమైంది. మావాడికి ఉద్యోగం ఇచ్చినవాళ్లు ఇంటర్వ్యూలో అడిగిందీ అదే. వాడు సంచిలోంచి నన్ను తీసి బల్ల మీద పెట్టాడు.

ఇన్నేళ్లుగా ఈ సభలు వింటూ నేను గమనించింది ఒకటుంది. లింగాల దాకా నడిచొచ్చిన వాటిలో చాలావాటికి వేదికలు లేవు. 2017 ఆగస్టులో గూగుల్ వాయిస్ టైపింగ్‌కు తెలుగు వచ్చింది. సభ లేదు, చప్పట్లు లేవు, ఒక మామూలు ప్రకటన. దసరాకు ఇంటికొచ్చిన మావాడు నన్ను జేజి నోటి దగ్గర పెట్టి మాట్లాడమన్నాడు. జేజికి చదువు లేదు. "ఒరే పెద్దోడా, ఎట్లుండావు, అన్నం తింటివా?" అంది. అక్షరాలు వరసగా పడ్డాయి. అవి ఆమె చదవలేదు. మావాడు చదివి వినిపిస్తే, నేను చెప్పిందే కదరా, ఇందులో ఇంత ఏముంది, అంది. అయినా ఆ సాయంత్రం ఊళ్లో లేని పెద్ద మనవడికి, కువైట్‌లో ఉన్న కూతురికి వరసగా కబుర్లు పోయాయి.

అంతకు ముందు ఏడు, 2016 జూన్‌లో, కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో మైక్రోసాఫ్ట్, ఇక్రిశాట్ కలిసి 175 మంది వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తాలో తెలుగులో ఎస్సెమ్మెస్ పంపాయి. వానల తీరు, నేల తడి లెక్కగట్టే పని ఎక్కడో పెద్ద కంప్యూటర్లది. తొందరపడి విత్తకుండా జూన్ చివరి దాకా ఆగమన్నారు. ఆగిన వాళ్లకు దిగుబడి పెరిగిందని లెక్కలు వచ్చాయి. ఆ కబురు అందుకోవడానికి నేను కూడా అక్కర్లేదు, బటన్ల ఫోన్ చాలు. మావాడు ఆ పథకం వార్త చదివి చాలాసేపు మాట్లాడలేదు. మెరిసే తెర మీద కాకుండా ఎస్సెమ్మెస్‌లో వచ్చిందేమిటని చిన్నబోయాడేమో అనుకున్నాను. కాదు, తోట లెక్కల యాప్ ఎట్లా రాయాలో అప్పుడే వాడికి తోచిందట.

2018లో డూప్లెక్స్ చూపించారు. యంత్రమే క్షౌరశాలకు ఫోన్ చేసి, మధ్యలో ఊఁ కొడుతూ, వేళ మాట్లాడుకుంది. వాడు నోరు తెరిచాడు. సెలవులో నాయనకు ఆ వీడియో చూపిస్తే ఆయన రెండుసార్లు విని, "దానితో మండీకి ఫోన్ చేయించు. సూట్ ఎందుకు తీస్తాండారో అడగనీ" అన్నాడు. అంతకన్నా మంచి ప్రశ్న ఆ ఏడు ఎక్కడా వినలేదు.

2020లో కరోనా వల్ల ఐఓనే జరపలేదు. మావాడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని లింగాల చేరాడు. పగలు కంపెనీ పని, సాయంత్రం తోట. తోట లెక్క యాప్ అప్పుడు పూర్తయింది. ఏ రోజు ఎన్ని కాయలు కోశారు, ఎన్ని కిలోలు తూగాయి, సూట్ ఎంత, కూలీలకు ఎంత, చేతికొచ్చింది ఎంత. నెట్ లేకపోయినా నడుస్తుంది. కాటా దగ్గర నిలబడి అంకె నొక్కితే సూట్ పోగా మిగిలేది అక్కడికక్కడే తెలుస్తుంది. దాంతో సూట్ ఆగిపోలేదు. ఏడాదికి ఎంత పోయిందో మాత్రం నాయన మొదటిసారి ఒక్క అంకెగా చూశాడు. ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు.

2024 మే 14 సభలో మాటకు ముందు ఏఐ, వెనక ఏఐ. చివర్లో పిచాయే నవ్వుతూ, ఏఐ అని ఎన్నిసార్లు అన్నామో తమ ఏఐ జెమినైతోనే లెక్కబెట్టించామన్నాడు. 120. చెబుతుండగానే ఇంకోటి కలిసింది. మావాడు పొట్ట పట్టుకుని నవ్వాడు, మరుసటి పొద్దున్నే ఆ జెమినైతో కోడ్ రాయించడం మొదలుపెట్టాడు. ఉత్సాహం తగ్గలేదని చెప్పడానికి ఈ మాట. చూసే తీరు మాత్రం మారింది. పక్కన కాగితం ఉంటుంది. ప్రకటన వినగానే ఒకటి రాస్తాడు: నెట్ లేకుండా నడుస్తుందా? రెండోది: పాత ఫోన్లో?

జెమినై రాసిచ్చిన తెర వాడి కొత్త ఫోన్లో జారుడుబండ మీద జారినట్టు జారింది. నాలో వేస్తే నల్లగా నిలబడిపోయింది. బొమ్మలు తీసేసి, కదలికలు తీసేసి, తిరిగి నాలోకి పంపాడు. ఆడింది. ఆ కుదించిన దాన్నే అందరికీ పంపాడు.

యాప్ రాసేవాళ్లు కింది గీత ఒకటి గీస్తారు: ఈ అంకె కన్నా పాత ఆండ్రాయిడ్ అయితే నడవదు అని. మార్ష్‌మాలో అంకె 23. మావాడి యాప్‌లో ఆ గీత సరిగ్గా 23 దగ్గరే ఉంది. అంటే నేను గీత మీద నిలబడి ఉన్నాను. మొన్న నాయన నన్ను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. బ్యాటరీ ఊడబెరికి మళ్లీ పెట్టే రకం నేను. మూడోదో నాలుగోదో నడుస్తోంది.

"దీన్ని ఎప్పుడు పారేస్తావురా?"

"ఆ 23ను 24 చేసిన రోజు."

"ఎప్పుడు చేస్తావు మరి?"

"మండీ గుమాస్తా ఫోన్ మార్చినప్పుడు. ఆయనదీ ఇదే ఈడు. కాటా దగ్గర మన యాప్ చూసి ఆయనా ఎక్కించుకున్నాడు."

నాయన పకపకా నవ్వాడు. నిన్న గుమాస్తా పులివెందుల పోయి వచ్చాడని, ఫోన్ అంగట్లో చాలాసేపు కూర్చున్నాడని తెలిసింది. మావాడు వెంటనే ఫోన్ చేసి అడిగాడు.

పగిలిన గాజు మార్పించుకున్నాడట.