మా రోజుల్లో ఇన్‌స్పెక్షన్ అంటే ఇది కాదు

మా రోజుల్లో హైస్కూలుకు ప్యానల్ ఇన్‌స్పెక్షన్ పడిందంటే ఊరంతా తెలిసేది. పెద్దాఫీసరుతో పాటు లెక్కలకొకరు, సైన్సుకొకరు, తెలుగుకొకరు పక్క బళ్ళ నుంచి సీనియర్ మాస్టర్లు వచ్చేవారు. పీరియడ్ మొత్తం వినేవారు. పాఠం అయ్యాక ప్రశ్న మాస్టారికి కాదు, పిల్లలకు పడేది. సైన్సు గదిలోకి వెళితే స్టాక్ రిజిస్టర్ తీసి బీకర్లు, పరీక్ష నాళికలు లెక్క చూసేవారు. లెక్క సరిపోతే పని అయిపోలేదు. చొక్కా గుండీలు ఊడిపోయిన కుర్రాణ్ణి ఒకణ్ణి పిలిచి, "నాన్నా, ఆ స్పిరిట్ దీపం వెలిగించి ఆక్సిజన్ తయారు చేసి చూపించు" అనేవారు. వాడు పొటాషియం పర్మాంగనేట్ సీసా ఎక్కడుందో వెతుక్కుంటే చాలు, ఆ గది ఏడాదికి ఎన్నిసార్లు తెరిచారో ఆఫీసరుకు అర్థమైపోయేది. అది లాగ్ బుక్‌లోకి ఎక్కేది. మరుసటేడు వచ్చిన అధికారి ముందు ఆ పేజీ తిప్పేవాడు.

ఇన్‌స్పెక్షన్ ముందు రోజు హడావుడిగా నోట్సులు దిద్దించిన బళ్ళూ ఉండేవి, కాదనను. అయినా పాఠం వినకుండా బడికి మార్కు వేసిన అధికారిని మాత్రం నేను చూడలేదు.

కంప్యూటర్లు వచ్చాక ఈ పద్ధతి ఎక్కడికి పోయిందో తెలియదు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 హైస్కూళ్ళకు ఐసీటీ పథకం కింద కంప్యూటర్ గదులు వచ్చాయి. ఒప్పందం తీసుకున్న ప్రైవేటు ఏజెన్సీ వాళ్ళు యంత్రాలు తెచ్చి పెట్టాలి, ఐదేళ్ళు తామే నడపాలి, ఆ తర్వాత బడికి అప్పగించి వెళ్ళాలి. చెప్పేవాళ్ళకు జీతమిచ్చేది కూడా ఏజెన్సీయే. అంటే కంప్యూటర్ చదువు బళ్ళో జరుగుతుంది, కానీ బడిది కాదు. హెడ్మాస్టరు చేతిలో ఉన్నది నెలాఖరున సంతకం. ఐదేళ్ళు గడిచాయి, 2013లో ఒప్పందం అయిపోయింది. పాఠం చెప్పే ఏజెన్సీ వాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయారు. నేనెరిగిన ఒక బళ్ళో ఆ గదికి తాళం పడి అలాగే ఉండిపోయింది. తర్వాత తీసి చూస్తే యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బిపోయి ఉన్నాయి, కీబోర్డుల కింద ఎలుకలు పిల్లల్ని పెట్టాయి. రిజిస్టర్‌లో మాత్రం యంత్రాలన్నీ ఉన్నట్టే. ఐదేళ్ళలో ఎంతమంది పిల్లలు తెలుగులో నాలుగు వాక్యాలు టైపు చేయడం నేర్చారని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే జవాబు చెప్పవలసిన మనిషి కూడా లేడు.

అంతకు ముందే కేరళ వేరే దారి పట్టింది. 2001లో ఐటీ@స్కూల్ మొదలుపెట్టి, బయటి వాళ్ళను కాక తమ టీచర్లనే తయారు చేసుకున్నారు. పదో తరగతిలో ఐటీని సబ్జెక్టు చేసి, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పరీక్ష పెట్టారు. పరీక్ష ఉంటే పాఠం జరుగుతుంది, పాఠం జరగాలంటే యంత్రం పని చేయాలి, చెడిపోతే హెడ్మాస్టరు ఊరుకోడు. మన పదో తరగతి పరీక్షల్లో కంప్యూటర్‌కు ఒక్క మార్కు లేదు. మరి ఆ గది తాళం ఎవరు తీస్తారు?

సరే, ఆ రోజులు పోయాయి. 2019 నవంబర్ 14న ఒంగోలులో నాడు-నేడు పథకం మొదలైంది. బళ్ళకు రంగులొచ్చాయి, బల్లలొచ్చాయి, మరుగుదొడ్లొచ్చాయి, తర్వాత పెద్ద పెద్ద తెరలొచ్చాయి. ఆ తెరలు మంచివి. వృత్తలేఖిని జారిపోతుంటే నల్లబల్ల మీద వృత్తం గీయడానికి నేను పడ్డ అవస్థ ఇప్పటి లెక్కల మాస్టరుకు లేదు. 2022 డిసెంబర్ 21న మా పాత గుంటూరు జిల్లాలోని యడ్లపల్లిలో, ఇప్పుడది బాపట్ల జిల్లా, ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టారు. ఎనిమిదో తరగతి పిల్లలు 4,59,564 మందికి, టీచర్లు 59,176 మందికి. మొత్తం 5,18,740 ట్యాబ్‌లు. ఒక్కటి కూడా తేడా లేకుండా లెక్క చెప్పారు. బైజూస్ పాఠాలు కార్డులో ఎక్కించి ఇచ్చారు, నెట్ లేకపోయినా నడుస్తాయి. ఆ బైజూస్ కంపెనీ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. ఆ ఎనిమిదో తరగతి పిల్లలు 2025 మార్చిలో పది రాశారు. ట్యాబ్ వల్ల ఎవరికి ఏ పాఠం ఎంత కలిసొచ్చిందో ఏ బడి నోటీసు బోర్డు మీదా నేను చూడలేదు.

తనిఖీ లేదా అంటే ఉంది, ఎక్కువే ఉంది. మరుగుదొడ్డి ఫొటో తీసి పంపమన్నారు, అన్నం ఫొటో పంపమన్నారు. 2022 ఆగస్టు నుంచి మాస్టర్లు తమ ముఖమే తమ ఫోనుకు చూపించి హాజరు వేసుకోవలసి వచ్చింది. ఉపాధ్యాయ సంఘాలు గొడవ చేసింది అందుకే. ఇప్పుడు ఆ యాప్‌లన్నీ కలిపి లీప్ అని ఒక్కటి చేశారు. మంచిదే, ఫోనులో చోటు మిగులుతుంది. కానీ ఫొటోలో తెర వెలుగుతూ కనపడుతుంది, దాని ముందు కూర్చున్న పిల్లకు పాఠం ఎక్కిందో లేదో కనపడదు. గుంటూరు యార్డులో మిర్చి కొనేవాడు టిక్కీ బస్తా పైన కాయ చూసి ధర చెప్పడు. చెయ్యి అడుగుదాకా పెట్టి తాలు కాయ ఎంతుందో, తేమ ఎంతుందో చూస్తాడు. కోట్ల ఖర్చయిన చదువును పైకాయ చూసి కొనేస్తున్నాం.

మా ప్రాంతంలో ట్యాబ్‌కు అసలు పరీక్ష ఎక్కడుందో చెబుతాను. పత్తి తీతల్లో కొందరు పిల్లలు బడి మానతారు. సంక్రాంతి దాటి మిరప కోతలు మొదలైతే ఇంకా ఎక్కువమంది మానతారు. నేనెరిగిన తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఫిబ్రవరిలో కొన్ని వారాలు అమ్మ వెంట కోతకు పోయింది. తిరిగొచ్చాక వేళ్ళ మంటకు కొబ్బరి నూనె రాసుకుని, వేలికొనతో కాక మెటికతో ఆ ట్యాబ్ నొక్కుతూ, పోగొట్టుకున్న బీజగణితం పాఠం తనంతట తానే చూసుకుంది. ఒకే భాగం వెనక్కి జరిపి మళ్ళీ మళ్ళీ వింది. నల్లబల్ల మీది పాఠం తుడిచేస్తే పోతుంది, ఇది పోలేదు. ఆ యంత్రం ఖరీదు ఆ పిల్ల విషయంలో తీరిపోయిందనే నా నమ్మకం. అయితే అలాంటి పిల్లలు మండలంలో ఎందరు? అసలు ట్యాబ్ తెరవని వాళ్ళు ఎందరు, అందులో సినిమాలు చూసిన వాళ్ళు ఎందరు, తెర పగిలితే బాగుచేయించే దిక్కులేక అటక మీద పెట్టిన వాళ్ళు ఎందరు? కర్నూలు వైపు నుంచి కోతలకు వలస వచ్చే కుటుంబాల పిల్లల సంగతేమిటి? ఈ లెక్క ఏ యాపూ అడగదు.

కొలవడం రాక కాదు. 1975-76లో ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు వచ్చాయి. సైట్ అనే ఆ ప్రయోగంలో టీవీ పెట్టి ఊరుకోలేదు, మానవశాస్త్రం చదివిన వాళ్ళను ఊళ్ళలో కాపురం ఉంచి జనం ఏం చూస్తున్నారో, ఏం పట్టుకుంటున్నారో రాయించారు. మొన్న 2023లో అసర్ సర్వే వాళ్ళు పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ళ పల్లె పిల్లలను ఫోను తెచ్చుకోమని, అలారం పెట్టు, ఫలానా సమాచారం వెతుకు, వీడియో పట్టుకుని పంపు అని చేయించి చూశారు. స్పిరిట్ దీపం వెలిగించమన్న మా ఆఫీసరు చేసిందీ అదే. చేయించి చూడడానికి కొత్త యాప్ అక్కర్లేదు.

మండల విద్యాధికారులకు నా మనవి ఒకటే. ఫిబ్రవరిలో, కోతల మధ్యలో, చెప్పకుండా ఒక బడికి వెళ్ళండి. ఆ రోజు రాని పిల్లల పట్టీ తీసుకుని, వాళ్ళ ట్యాబ్‌లు ఎక్కడున్నాయో, వాళ్ళు పోగొట్టుకున్న పాఠం ఎలా పూడుతుందో అడగండి. దొరికిన జవాబు మీ చేతిరాతతో రాసి, బడిలో వదిలి రండి.

తల్లిదండ్రులకూ ఒక మాట. 2024 డిసెంబర్ 7న బాపట్ల మున్సిపల్ హైస్కూలుకు ముఖ్యమంత్రే వచ్చి మీతో కూర్చున్నారు. ఆ రోజు రాష్ట్రమంతా అలాంటి సమావేశాలు జరిగాయి. మళ్ళీ పిలిచినప్పుడు భోజనం చేసి, ఫొటో దిగి వచ్చేయకండి. కంప్యూటర్ గది తాళం తీయించండి. ఒక్కొక్క యంత్రం మీ ముందే ఆన్ చేయించి, దాని ముందు మీ పిల్లను కూర్చోబెట్టి, తన పేరు, ఊరు, నిన్న నేర్చుకున్న పాఠం తెలుగులో రాయమనండి. రాయలేకపోతే ఎందుకు రాయలేదో హెడ్మాస్టరును అక్కడే అడగండి.