బోర్డు మీది పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: ఒకానొక ఆఫీసులో, జిరాక్స్ మిషను పక్కనున్న తెల్లబోర్డు మీద కవి పేరు లేకుండా వెలసిన ఆటవెలది ఇది. కింద ‘చెరపరాదు’ అని ఉన్నది ప్రక్షిప్తం.

బోర్డుమీద చీటి పోగుపడినచోట
కొత్త పనిని తెచ్చి కుక్కవలదు
ఆగినట్టి దాని నందరు తోయగా
సాగు పనులబండి సందులోన

ప్రతిపదార్థం: బోర్డుమీద = ‘చేయవలసినవి’, ‘చేస్తున్నవి’, ‘అయినవి’ అని గడులు గీసిన పలకయందు; చీటి = పనికొక్కటిగా అతికించిన పసుపు కాగితము; పోగుపడినచోట = ఏ గడిలో చీటీలు ఒకదానిపై నొకటెక్కి ఫ్యాను గాలికి రాలుచున్నవో అచట (తరచుగా ‘సారు సంతకానికి’ అను గడి); కొత్త పనిని = ‘అర్జెంటు’ ముద్రతో వచ్చుదానిని; తెచ్చి = మోసుకొచ్చి; కుక్కవలదు = దూర్చరాదు (‘కుక్క వలదు’ అని విడదీసి వరండాలోని జంతువుకు అన్వయించిన వ్యాఖ్యాత అడ్మిన్ శాఖవారు); ఆగినట్టి దానిన్ = నిలిచిన చీటీని; అందరు = ‘నా సీటు కాదు’ అనువారు సహా; తోయగా = ముందు గడిలోకి నెట్టగా; సందులోన = ఇరుకు దారియందు; పనులబండి సాగున్ = కదులును.

తాత్పర్యం: ఇరుకు గడి ఎంత వేగంగా నడిస్తే ఆఫీసంతా అంతే వేగం. దానికి ముందున్నవాళ్లు చురుగ్గా చేసేకొద్దీ కుప్ప పెరుగుతుంది.

విశేషాలు: ‘వలదు’ అన్న నిషేధానికి ప్రమాణం 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం. రోజుకు 4 ఫైళ్లు తెమిలే గడిలో 20 ఉంటే ఒక్కో ఫైలు సగటున 5 రోజులు ఆగాలి; 40 ఉంటే 10. అందుకే గడి నెత్తిన ‘ఇంతకు మించరాదు’ అని అంకె వేస్తారు. టయోటాలో తైచీ ఓనో ప్రవేశపెట్టిన కాన్బాన్ చీటీల ధర్మమూ ఇదే: చీటీ రానిదే సరుకు తయారు కారాదు. మూడో పాదంలో ఆ కర్మాగారపు తాడు ధ్వనిస్తోంది. లోపం కనబడగానే కార్మికుడు తాడు లాగుతాడు, ఆండాన్ అనే హెచ్చరిక దీపం వెలుగుతుంది, టీమ్ లీడరు పరుగెత్తుకొస్తాడు. తేలకపోతే లైను ఆగుతుంది. మన దగ్గర తాడు లాగినవాడికి మెమో.

ఉదాహరణకు జపాను దాకా పోనక్కర్లేదు. 2004లో మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్‌కు మరమ్మతులు చేసే ఓ హైదరాబాదు బృందానికి ఒక్కో మార్పుకు ఐదు నెలలు పట్టేది. సోమరితనం కాదు. వచ్చిన ప్రతి కోరికకూ ముందు అంచనా వేసివ్వాలి. వాళ్ల శక్తిలో మూడో వంతు దాకా ఆ అంచనాలే మింగేవి. తీరా చూస్తే వాటిలో చాలా పనులు మొదలైనవే కావు! డేవిడ్ ఆండర్సన్ అనే నిపుణుడి సలహాతో అంచనాలు మానేశారు, చేతిలో ఉండే పనికి హద్దు పెట్టారు, తర్వాత టెస్టర్ల వైపు ఖాళీ చూసి ఒక కుర్చీని డెవలపర్లకు మార్చారు. ఏడాది పైచిలుకులో ఒక్కో మార్పుకు పట్టే కాలం రెండు వారాలకు దిగింది. అక్కడ గోడకు బోర్డే లేదు కనుక, ‘బోర్డు’ అన్నచోట ఆగిన పని కంటబడే ఏర్పాటు అని లక్షణార్థం చెప్పుకోవాలి.

ఆక్షేపం: సారే ఇరుకైతే తోసేదెవరు?

సమాధానం: ‘అందరు’లో సారూ ఉన్నారు. చిన్న బిల్లులకు సూపరింటెండెంటు సంతకం చాలునని ఆయన ఒక్క ఉత్తర్వు ఇస్తే సగం చీటీలు ఆ గడి తొక్కనే తొక్కవు. ఇంత ముఖ్యమైన సంగతి కవి ఎందుకు వదిలేశాడంటే, ఆటవెలదిలో చోటు చాలలేదని కొందరు, అప్పటికి ఆయన ప్రమోషను ఫైలు అదే గడిలో ఉందని మరికొందరు.