తేదీ లేని జ్వరం

కొత్త క్యాలెండర్ రాగానే కొందరు ముందు ముహూర్తాలు చూస్తారు, కొందరు ఏకాదశులు చూస్తారు. మా సీఎల్ మాస్టారు మాత్రం ఎర్ర అంకెల మధ్య ఇరుక్కున్న నల్ల అంకెను వెతుకుతారు. గురువారం పండగ, ఆపైన రెండో శనివారం, ఆదివారం. నడుమ ఒంటరి శుక్రవారం. "పాపం, ఈ ఒక్కదాన్నీ ఎందుకు కష్టపెట్టడం మాస్టారూ?" అంటూ దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుడతారు.

సీఎల్ ఆయన ఇంటిపేరు కాదు, క్యాజువల్ లీవ్. పిల్లలు పెట్టిన పేరే అయినా ఊరంతా అలాగే పిలుస్తుంది. మాది పల్నాడులో మిరప చేల మధ్య ఇద్దరు టీచర్ల బడి. తరగతులు అయిదు, మనుషులం ఇద్దరం. సీనియారిటీలో నెల తేడా వల్ల హెడ్మాస్టర్ కుర్చీ నాకు తగులుకుంది.

టీచరుకు ఏడాదికి 15 సీఎల్‌లు, 7 స్పెషల్ సీఎల్‌లు. ముందూ వెనకా వచ్చే సెలవులతో కలిపి పది రోజులు దాటకూడదని గీత కూడా గీశారు. మాస్టారు ఆ గీత ఏనాడూ దాటలేదు, పదో రోజు సాయంత్రం దాకా దాని మీదే కూర్చుంటారు. పదమూడో ఎక్కంలో పిల్లాడు తడబడితే పోనిస్తారు గానీ, సీఎల్ లెక్కలో నేను అరపూట తేడా చెబితే ఊరుకోరు.

ఇంత వాడినా డిసెంబరు ఆఖరుకు ఆయన ఖాతాలో సీఎల్‌లు మిగిలే ఉంటాయి. కిటుకంతా నా సొరుగులో ఉంది. "జ్వరముగా ఉన్నందున ఈ ఒక్కరోజు సెలవు మంజూరు చేయ ప్రార్థన" అని గుండ్రటి దస్తూరీ. కింద సంతకం. పైన తేదీ ఉండాల్సిన చోట ఖాళీ. ఎవరైనా తనిఖీకి వస్తే ఆ ఖాళీ నేను పూరించాలి. రాకపోతే మర్నాడు ఆయన వచ్చి నిన్నటి గడిలో కూడా సంతకం పెట్టేసుకుంటారు. చీటీ మళ్లీ సొరుగులోకే. మడతల దగ్గర చిరిగి, పులిహోర పసుపు అంటి, పట్టాదారు పాసుపుస్తకంలా తయారైంది.

ఓసారి ఎంఈవో గారు చెప్పకుండా వచ్చారు. గబగబా తేదీ వేసి చీటీ చేతికిచ్చాను. ఆయన దాన్ని వెలుగులో పెట్టి చూశారు. అక్షరాలు వెలిసిన నీలం, తేదీ తడి ఆరని నలుపు.

"ఈ జ్వరం చాలా పాతదిలా ఉందే మాస్టారూ, మడతలు పడింది" అన్నారు.

నేనేం మాట్లాడను? రోజూ మొహాలు చూసుకునేది మేమిద్దరమే. మా అమ్మాయి పెళ్లికి నేను పది రోజులు లేకపోతే బడి నెట్టుకొచ్చింది ఆయనే. అలా నెట్టుకొచ్చినందుకు ఇన్నేళ్లుగా వడ్డీ కడుతున్నాను.

ఈ వ్యాపారం మా బడికే పరిమితం కాదు. 2003లో దేశమంతా చెప్పాపెట్టకుండా వెళ్లి చూస్తే, సర్కారు ప్రాథమిక పాఠశాలల్లో నలుగురు టీచర్లకు ఒకరు కనబడలేదు. 2017లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఆరు రాష్ట్రాల్లో చూసినప్పుడు, కారణం లేకుండా ఎగ్గొట్టేవారు నూటికి 2.5 మందే అని తేలింది. బడిలో లేని మిగతావాళ్లు శిక్షణలకో, ఇతర డ్యూటీలకో, మంజూరైన సెలవు మీదో వెళ్లినవాళ్లు. ఈ రెండో లెక్క పేపర్లో చదివి మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు. "చూశారా, మేం అల్పసంఖ్యాకులం. కాపాడుకోవాలి."

2022లో మన రాష్ట్రంలో టీచర్లకు ముఖం చూపించే హాజరు వచ్చింది. మొదటిరోజు ఆయన ఫోన్ పైకెత్తి, దించి, వేపచెట్టు కిందికీ వాటర్ ట్యాంకు దగ్గరికీ తిరిగారు. ఆ యాప్ ఆయన్ని ఎంతకీ గుర్తుపట్టలేదు. ఒకటో తరగతి పిల్లలదీ అదే ఇబ్బంది.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఆయన రాని రోజు అయిదు తరగతులూ ఒకే వరండాలో కూర్చుంటాయి. ఒకటో తరగతికి అచ్చులు చెబుతుంటే నాలుగో తరగతి కొట్టుకుంటుంది. ఒక గురువారం పండగకు ముందు ఆయన బోర్డు మీద భాగహారం మొదలుపెట్టి, బస్సు టైమైందని సగంలో వదిలేశారు. సోమవారం దాకా అది అలాగే ఉంది, శేషం తేలకుండా.

పిల్లలు మనకంటే తెలివైనవాళ్లు. గేటు దగ్గరే "సారొచ్చారా?" అని అడుగుతారు. రాలేదంటే సగంమంది అక్కణ్నుంచే వెనక్కి. మిరపకోతల కాలంలో ఇళ్లలో వాళ్లకి పని కాచుకునే ఉంటుంది. తల్లి కోతకు పోతే చంటిదాన్ని ఎత్తుకునేది నాలుగో తరగతి అన్నే. ఒక్కరోజు అనుకుని ఆగినవాడు వారానికి వస్తాడు, వేళ్లు మండుతున్నాయని చొక్కాకు రుద్దుకుంటూ. ఈలోపు భాగహారం ఇంకో పేజీ తిరిగి ఉంటుంది. అర్థం కాని లెక్క కంటే మిరపచేనే నయమనిపిస్తుంది. బిడ్డకు 75 శాతం హాజరుంటేనే తల్లికి అమ్మ ఒడి డబ్బులన్నారు. ఆ శాతం మాస్టారిని ఎవరూ అడగలేదు.

మొన్న ఫిబ్రవరి ఆఖరున మాస్టారు రిటైరయ్యారు. ఆ రోజు తొమ్మిది కాకుండానే, ఇస్త్రీ చొక్కాలో, నాకంటే ముందొచ్చి కూర్చున్నారు. శాలువా తెచ్చాం, దండ తెచ్చాం. వరండాలో పిల్లలు మాత్రం ఆరుగురు.

"పిల్లలేరండీ?" అన్నారు, కొంచెం నొచ్చుకుంటూ.

"కోతలు కదా" అని సొరుగు లాగి, నాలుగో తరగతి కుర్రాడి చీటీ ఒకటి ఇచ్చాను. 'అమ్మ కోతకు పోతుంది. చెల్లిని చూసుకోవాలి. సెలవు ఇవ్వగలరు.' పైన తేదీ చోట ఖాళీ.

"తేదీ వెయ్యలేదేం వీడు?"

"అడిగాను. మీరే వేసుకోండి సార్, సీఎల్ సార్ చీటీ కూడా అంతే కదా అన్నాడు."

మాస్టారు చాలాసేపు ఆ ఖాళీనే చూశారు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, గుండ్రటి అంకెలతో ఆనాటి తేదీ వేశారు. నాకు తెలిసి, సెలవు చీటీ మీద ఆయన చేత్తో తేదీ పడటం అదే మొదలు.