అపూర్వ ఫలోపాసకుడు

గౌతమి మీది వంతెన దాటి కోనసీమలో నడుగిడు బాటసారికి రావులపాలెమున మొట్టమొదట దర్శనమిచ్చునది అరటిగెల. మార్కెట్టు యార్డులో కర్పూర చక్కెరకేళియు, తెల్ల చక్కెరకేళియు, అమృతపాణియు, కూరకు బొంతయు గుట్టలు గుట్టలుగా పడియుండ, లారీలు వరుసదీరి వానిని పొరుగు రాష్ట్రములకు మోసికొనిపోవుచుండును. ఇట్టి యూర జన్మించి, అరటియాకులో భుజించి, అరటితోటల నీడను పెరిగి, ఉద్యోగము విరమించి పింఛను చేతికందిన నాటినుండి అరటిపండన్నచో మొగము త్రిప్పుకొను పెద్దమనిషి యొకడు మా పేటలలో నీ నడుమ పొడసూపినాడు. ప్రభుత్వమువా రతనికి బిరుద మేమియు నొసగలేదు; కావున అపూర్వ ఫలోపాసకుడని నేనే నామకరణము చేసితిని.

అతనిని గుర్తించుట సులభము. డాబా మీద ఆకుపచ్చని షేడ్‌నెట్టు, దాని క్రింద ముగ్గు పెట్టుటకైనను చోటు మిగులని కుండీల బారులు, ప్రతి కుండీకి నొక రేకుపలక, పలకపై ఇంటివా రెవ్వరును పలుకజాలని లాటిను నామము - ఇవి లక్షణములు. ఆదివారము వచ్చెనా, ఏటి కావల కడియము, కడియపులంకలకు బయలుదేరును. అచ్చటి వందలాది నర్సరీలలో లోకులు గులాబీలను, క్రోటన్లను, మామిడి అంట్లను బేరమాడుచుండగా, ఇతడు మాత్రము అచ్చట లేని మొక్కను అడుగును. "ఉందండి, లోపల బోలెడున్నాయి" అని నర్సరీవాడు సంతోషముతో పలికినచో, ఆ మొక్కపై మనవాని మనసు తత్‌క్షణమే విరిగిపోవును. "ఆయ్, పేరే వినలేదండి" అన్నచో ఆ వారమంతయు నతనికి పండుగయే.

అతడు పడు శ్రమ చూచినచో శత్రువునకైనను జాలి కలుగక మానదు. మాంగోస్టీను ఆగ్నేయాసియా ద్వీపముల చెట్టు. నిత్యము తేమను, లేతనాట నీడను కోరును. గింజ యెండినచో మొలకెత్తదు. మొలకెత్తినను కాపునకు వచ్చుటకు ఏడెనిమిదేండ్లును, ఒక్కొక్కప్పుడు పదేండ్లును పట్టును. అట్టి సుకుమారిని తెచ్చి, ఎండ 40 డిగ్రీలు దాటు రోహిణీకార్తెలో, వడగాడ్పు విసరు డాబా మీద నిలిపి, మనుమలు పడుకొను గదిలోని కూలరును దాని ముందుకు మార్పించిన ఉపాసకుని నేనెరుగుదును. రంబుటాను కథ యింతకంటె విషాదకరము. గింజ నాటి పెంచిన రంబుటానులలో ఇంచుమించు సగము మగచెట్లగును. అవి పూయునే గాని కాయవు. ఏండ్ల తరబడి వేపపిండి వేసి, గోమయము కలిపి, పూత పొడసూపిన దినమున వీథివారికి మిఠాయి పంచి, అది మగపూత యని తేలిన పిదప నెల దినములు గడప దాటని వారును గలరు. "పోనీలెండి, తీగ కట్టి బట్టలారేసుకుంటాం" అని యిల్లాలు ఓదార్చును. ఆ యోదార్పు నతడు అసలే సహింపలేడు. అంటుమొక్క తెచ్చుకొన్నచో ఈ బాధ యుండదు. కాని అంటుమొక్క ఎవ్వరికైనను దొరకును గదా!

బ్రెజిలు దేశపు జబోటికాబాకు పండ్లు కొమ్మల చివర గాక నల్లగా, గుండ్రముగా మొద్దు నంటిపెట్టుకొని కాయును. ఈ సృష్టివైచిత్ర్యము నొకనాడు అర్ధగంటసేపు వర్ణించి, వినువారి కన్నులలో ఆశ్చర్యమునకై వెదకుచుండగా, పొరుగింటి పెద్దాయన చుట్ట నార్పి, "మా పనసచెట్టు కూడా మొద్దుకే కాస్తదండి, మాస్టారూ" అనెను. నాటినుండి ఆ రెండిండ్ల నడుమ మాటలు సన్నగిల్లినవి.

రుచి చూపుట అతని యింట నొక క్రతువు. పండు ఒకటి, అతిథులు పదుగురు. ముందుగా ఫొటోలు, పిదప బ్రిక్సు మీటరను చిన్న గొట్టము తెచ్చి, దాని యద్దముపై రసపుబొట్టు వేసి, వెలుతురున కెత్తి చూచి, తీపి యెంతయో అంకెలలో ప్రకటించిన పిమ్మట గాని పండు నోటికి రాదు. వచ్చునదియు గోరంత. "ఎలా ఉందండీ? లీచీకీ సపోటాకీ మధ్యలో లేదూ?" అని ప్రశ్న యతడే వేసి, జవాబు నతడే చెప్పుకొనును. ఒకమారు డ్రాగనుపండు 12 చూపగా, సభయందున్న చిలిపి మనుమడొకడు వంటింటినుండి బాగుగ మాగిన కర్పూర చక్కెరకేళిని తెచ్చి, నలిపి, అద్దముపై నుంచెను. అంకె 20 దాటినది. మీటరు చెడిపోయినదని తీర్పుచెప్పి తాతగారు దానిని పెట్టెలో పెట్టి తాళము వేసిరి.

అయినను అతని యొద్ద గురి తప్పని బాణ మొకటి కలదు. పశ్చిమాఫ్రికానుండి వచ్చిన మిరాకిల్ ఫ్రూటను ఎర్రని చిరుపండు చప్పరించినచో, అందలి మిరాక్యులిన్ అను మాంసకృత్తు నాలుకను పట్టుకొని, అరగంటకు తక్కువ గాకుండ పులుపునంతయు తీపిగా తోపించును. పచ్చి నిమ్మబద్ద నమలి "అబ్బో!" అనని యతిథి యింతవరకు లేడు. ఆ ప్రయోగమును మధ్యాహ్నభోజనమునకు ముందు జరిపించుకొని, పిదప గోంగూర పచ్చడి కలుపుకొన్న బావమరది మాత్రము ఆ పూట అన్నము మానివేసెను.

ఇక వ్యాపారము. అతడు రొక్కమునకు లొంగడు. గింజకు గింజ, పుల్లకు పుల్ల. ఆకులు దూసి, తడిబట్ట చుట్టి, ప్లాస్టిక్కు కాగితమున బిగించిన పుల్లలు కొరియరులో కేరళమునుండి వచ్చును. ఇటునుండియు నట్లే పోవును. పుల్ల విలువ దాని పండు రుచిని బట్టి గాక, అది జిల్లాలో నెందరియొద్ద నున్నదను లెక్కను బట్టి యుండును. ఘనమైన లాటిను పేరుతో దిగిన మొక్కయొకటి మూడేండ్లు సేవలందుకొని తుదకు మన జామకాయ కాసిన సందర్భమును కలదు. ఆ జామ తీయగా నుండెనని యిల్లాలు నేటికిని చెప్పును. అర్ధరాత్రి విచ్చి తెల్లవారుసరికి వాడు డ్రాగను పూవునకు, పరాయితీగ పుప్పొడిని కుంచెతో అద్దుటకై టార్చిలైటు పట్టుకొని డాబా మీద తిరుగుచుండగా, దొంగ యనుకొని వీథివారు కఱ్ఱలతో లేచి వచ్చుటయు జరిగినది.

"మన దేశవాళీ పండ్లుండగా ఈ దిక్కుమాలిన విదేశీ పండ్లెందుకయ్యా?" అని యరుగు మీది పెద్దలు సపోటా తొక్క తీయుచు ఆక్షేపింతురు. ఆ సపోటా స్వస్థలము మెక్సికో ప్రాంతము. జామ, బొప్పాయి, అనాస, సీతాఫలము, జీడిమామిడి - ఇవన్నియు అమెరికా ఖండమునుండి, 16వ శతాబ్దపు పోర్చుగీసు ఓడలు మొదలుకొని పలుత్రోవల వచ్చినవే. కోనసీమ కొబ్బరితోటల నీడను రైతులు పెంచు కోకోయు అమెజాను అడవులది. వీనిలో మొదటి గింజ నాటినవానిని చూచి నాటి యరుగువారును నవ్వియే యుందురు. మన ఉపాసకునకు లోకోపకారమను తలపు లేశమును లేదు; కేవలము పొరుగువానికి లేనిది తనకుండవలె నను కోరికయే. కాని ఉన్నదని పదుగురికి తెలియనిదే ఆ కోరిక తీరదు. తెలిసినవారు ముక్క నడుగకుండ నుండరు. అడిగినవారి కీయకున్న పెద్దరికము నిలువదు. డ్రాగను కాడ ముక్క నాటినచో వేరు పట్టును. అతడిచ్చిన ముక్కలతో ఇప్పు డాతీగ పేటలో సగమిండ్ల ప్రహరీల మీద ప్రాకుచున్నది; ఆ పండు తోపుడుబండ్ల మీదికిని దిగినది. ఉపాసకుడు డ్రాగనుపండు ముట్టుట మానివేసి, కొత్తదానికై వెదకుచున్నాడు. మీయొద్ద రావులపాలెములో నెవ్వరికిని లేని గింజ యున్నచో దయచేసి పంపుడు. పదేండ్లు తాళినచో అది మీ వీథి బండి మీద బేరమునకు దొరకును.