సారె పెడతాం, జీతం అడగొద్దు

మన రాష్ట్రంలో ఆడవాళ్లకు ఉన్నంతమంది అన్నలు భూప్రపంచంలో ఇంకెక్కడా ఉండరు. ఒక అన్న 2019 ఎన్నికల ముందు పసుపు-కుంకుమ పెట్టాడు. ఇంకో అన్న గెలిచి ఆసరా అన్నాడు, చేయూత అన్నాడు. మొదటి అన్న మళ్లీ వచ్చి నెలకు పదిహేను వందలు ఆడబిడ్డ నిధి అన్నాడు. గెలిచిన ఏడాదికి ఆ సంగతేమిటని అడిగితే, అది ఇవ్వాలంటే రాష్ట్రాన్నే అమ్ముకోవాలని ఆయన మంత్రి ఒకరు తేల్చేశారు. పథకాల పేర్లు వరసగా చదివితే ఇది ప్రభుత్వమో, శ్రావణమాసంలో పుట్టినిల్లో పోల్చుకోవడం కష్టం. సారె ఉంది, చీర ఉంది, పండుగ కానుక ఉంది, ఆగస్టు 15న ఉచితంగా బస్సెక్కించి మరీ చాటిన స్త్రీ శక్తి ఉంది. చేసిన పనికి కూలి ఒక్కటే లేదు. అది అడిగిన రోజున ఆడపడుచు ఆడపడుచు కాకుండా పోతుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగితే అన్న ఎస్మా పెడతాడు.

రెండో అన్న పెట్టాడు కూడా. 2023 డిసెంబరు 12న అంగన్వాడీ టీచర్లు, ఆయాలు, లక్ష మందికి పైగా సమ్మెకు దిగారు. సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎఫ్‌టీయూ సంఘాలు మూడూ కలిసి నడిపించాయి. (మూడు ఎర్రజెండాల చేత ఒకే కరపత్రం మీద సంతకం పెట్టించినందుకే ఆ ఆడవాళ్లకు వేరేగా సన్మానం చేయాలి. మార్క్సు వల్ల కాని పని అది.) టీచరుకు నెలకు 11,500, ఆయాకు 7,000. తెలంగాణ కన్నా వెయ్యి ఎక్కువ ఇస్తానని పాదయాత్రలో మాటిచ్చింది అప్పటి ముఖ్యమంత్రిగారే. తెలంగాణలో అప్పటికి టీచరుకు 13,650. పదమూడున్నర వేలకు వెయ్యి కలిపితే ఎంతో చెప్పడానికి ఆర్థిక శాఖ కార్యదర్శి అక్కర్లేదు, అంగన్వాడీ కేంద్రంలో పూసలు లెక్కపెట్టే పిల్లోడు చాలు.

ఆ కేంద్రంలో జరిగేదేమిటో తెలియనివాళ్ల కోసం. పుంగనూరు చుట్టుపక్కల ఏ పల్లెకు పోయినా ఒకటే తంతు. తొమ్మిదికి తలుపు తీస్తారు. మూడేళ్లోడు తల్లి కొంగు వదలడు. వాణ్ని చంకనెత్తుకుని, రెండో చేత్తో బాలింత ముఖానికి ఫోను పెట్టాలి, యాప్ ఆమెను గుర్తుపట్టేదాకా. యాప్‌కు సిగ్నల్ ఉండదు, బాలింతకు ఓపిక ఉండదు. ఆ ఊళ్లో పుట్టి పెరిగి, కాన్పుకు ఆస్పత్రికి తోడెళ్లిన టీచరు "ఈమె ఈమే" అంటే చెల్లదు, ఫోను ఒప్పుకోవాలి. గుడ్లు లెక్కపెట్టాలి, పాల ప్యాకెట్లు లెక్కపెట్టాలి, పిల్లల్ని తూకం వేయాలి, ఆ తూకాన్ని రిజిస్టరులో ఒకసారి, ఫోనులో ఒకసారి ఎక్కించాలి. ఓటర్ల జాబితా సవరణ వస్తే బీఎల్వో డ్యూటీ. మంత్రిగారు వస్తే సభకు జనం. ఇంత చేసినా ప్రభుత్వ లెక్కల్లో ఆమె ఉద్యోగి కాదు, స్వచ్ఛంద సేవకురాలు. పుచ్చుకునేది జీతం కాదు, గౌరవ వేతనం. గౌరవం ఎంతుందో సూపర్‌వైజర్ల మీటింగులో చూడొచ్చు, వేతనం ఎంతుందో పైన చెప్పాను.

1975 అక్టోబరు 2న అంగన్వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైన నాటి నుంచి నలభై ఎనిమిదేళ్లు ఆమె స్వచ్ఛందమే. 2024 జనవరి 6న ఒక్క జీవోతో అత్యవసరం అయిపోయింది. అత్యవసర సేవల నిర్వహణ చట్టం (ఎస్మా) కింద ఆరు నెలలు సమ్మె చేయకూడదని ఉత్తర్వు. అంటే జీతం అడిగినప్పుడు ఉద్యోగి కాదు, పని మానేసినప్పుడు మాత్రం ఉద్యోగి. ఈ సిద్ధాంతాన్ని కనిపెట్టిన అధికారికి పద్మశ్రీ రాకపోవడం అన్యాయం. వీళ్లకు గ్రాట్యుటీ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 25న తీర్పు చెప్పింది. ఆ కాగితం మాత్రం అప్పటికి ఎవరికీ అత్యవసరంగా కనిపించలేదు.

సమ్మెలో కేంద్రాల తాళాలు పగలగొట్టించారు. గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బందిని పంపి నడిపిస్తామన్నారు. తాళం పగలగొట్టడానికి సుత్తి చాలు. లోపల ముప్పై మంది పిల్లల ముక్కులు తుడవడానికి ఏ పనిముట్టు కావాలో జీవోలో రాయలేదు.

మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో, రాష్ట్రమంతటా టెంట్లు లేచాయి. ఒంటికాలి మీద నిలబడ్డారు, కళ్లకు గంతలు కట్టుకున్నారు, భిక్షాటన చేశారు, రోడ్డు మీదే వంటావార్పు పెట్టారు. టీ అంగడి ముందు నిలబడ్డ పెద్దమనుషులకు మాత్రం ఒకటే బెంగ: "వీళ్లంతా ఈడ కూచోనుంటే ఇంటికాడ సంగటి ఎవురు కెలకల్లప్పా?" ఆర్థిక శాస్త్రంలో ఇంతకన్నా మౌలికమైన ప్రశ్న లేదు. జవాబు చెప్పే మొగోడు మాత్రం ఇంతవరకూ ఆ అంగడి ముందు నిలబడలేదు. టమాటా మండీల్లోనూ ఇదే శాస్త్రం. కాయ చూసి, చేత్తో తడిమి, నాణ్యం తేల్చి ఏరిపెట్టేది ఆడమనిషి, ఆ కాయకు వేలంలో నోరు చేసుకునేది మొగోడు. నోటి పనికే రేటెక్కువ. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది, మండీ గేటు దాటి లోపలికి ఇంకా రాలేదు.

మదనపల్లెకు ఆడవాళ్ల పోరాటం కొత్తదేమీ కాదని గుర్తుచేద్దామంటే, ఊరికి గుర్తున్నది పాట ఒక్కటే. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు బీసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చాడు, జనగణమనను ఇంగ్లీషు చేశాడు, మార్గరెట్ కజిన్స్ బాణీ కట్టింది. దీనికి ఏటా దండ, దండకం. ఆ బాణీ కట్టిన ఐర్లండు ఆడమనిషి అంతకుముందు ఏం చేసి వచ్చిందో దండ వేసేవాళ్లు చెప్పరు. ఆడవాళ్లకు ఓటు కావాలని 1910లో లండన్‌లో మంత్రుల ఇళ్ల అద్దాలు పగలగొట్టి హాలోవే జైలుకు పోయింది. 1913లో డబ్లిన్ కోట అద్దాలు పగలగొట్టి టల్లమోర్ జైలుకు పోయింది. 1917 డిసెంబరులో భారత వ్యవహారాల బ్రిటిష్ మంత్రి మాంటేగును కలిసి భారత స్త్రీలకు ఓటు అడిగిన బృందం వెనకున్న చెయ్యి కూడా ఆమెదే. 1921లో మద్రాసు ప్రెసిడెన్సీ ఆడవాళ్లకు ఓటు వచ్చింది. ఆమె ఎర్రజెండా మనిషి కాదు, థియోసాఫిస్టు. అయినా ఈరోజు బతికుండి, అంగన్వాడీల పక్కన మదనపల్లెలో ఒక్క పూట కూర్చుంటే చాలు, పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉందని తెల్లారుజామునే తలుపు కొట్టి హౌస్ అరెస్టు చేసేవాళ్లు. విదేశీ హస్తం అనడానికి సాక్ష్యం కూడా వెతుక్కోవాల్సిన పని ఉండేది కాదు. సాయంత్రం అదే అధికారులు కాలేజీకి పోయి ఆమె ఫొటోకు దండ వేసి, ఆమె బాణీకే లేచి నిలబడేవాళ్లు.

ఇక మన ఎర్రజెండా వాళ్ల సంగతి. టెంటు కింద ఎవరెక్కడ కూర్చున్నారో చూడండి. పట్టాల మీద ఆడవాళ్లు, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలు. కుర్చీల్లో ఎక్కువమంది కామ్రేడ్ అన్నలు. మైకు ముందు అన్నదే, వెనకా అన్నదే, మధ్యలో నినాదం మాత్రం అక్కది. మహిళా విముక్తి మీద అన్న నలభై నిమిషాలు మాట్లాడతాడు. ఆ నలభై నిమిషాలు ఆయన ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరున్నారో అడగకూడదు, అది అంతర్గత విషయం. సీపీఎం పుట్టింది 1964లో, పొలిట్‌బ్యూరోలోకి తొలి మహిళ వచ్చింది 2005లో. ఆ తొలి మహిళ బృందా కారతే 1998లో, కమిటీల్లో ఆడవాళ్లకు చోటేదని కేంద్ర కమిటీ సభ్యత్వం కాదని లేచొచ్చింది. అడిగిన ప్రశ్న పార్టీకి చేరడానికి ఏడేళ్లు పట్టింది. పోస్టాఫీసు నయం. 1970లో పుట్టిన సీఐటీయూకు తొలి మహిళా అధ్యక్షురాలు దొరికింది 2016లో. ఆమె కె. హేమలత, మన తెలుగామె, అంగన్వాడీ సంఘంలో పనిచేసి వచ్చిన మనిషి. అంతకుముందు తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన ఆడవాళ్లను 1951లో పోరాటం ఆగాక ఇంటికి పంపేశారు. వాళ్ల మాటలు "మనకు తెలియని మన చరిత్ర"గా అచ్చయ్యేసరికి 1986 వచ్చింది. విప్లవం ఎంత దూరం పోయినా వంటింటి గడప దగ్గర చెప్పులు విడిచే పోతుంది.

ఇంత తిట్టాక కూడా ఒక సంగతి మింగలేను. సమ్మె జరిగిన ఆ 42 రోజులు టెంటు వేసింది వాళ్లే. లాఠీ పడ్డప్పుడు పక్కనున్నది వాళ్లే. అప్పటి ప్రతిపక్షం వాళ్లు శిబిరాలకు వచ్చారు, సంఘీభావం చెప్పారు, ఫొటో దిగారు, గెలిచారు. మరి ఆడవాళ్లు ఓటు ఎవరికేశారు? 2014, 2019, 2024, మూడుసార్లూ ఆంధ్ర అసెంబ్లీకి ఒక్క కమ్యూనిస్టూ పోలేదు. సమ్మెకు ఎర్రజెండా, ఓటుకు ఇంకో జెండా. పాపం, అన్న మొహమాటం మరి.

మళ్లీ గెలిచిన ఆ మొదటి అన్న సొంత నియోజకవర్గం కుప్పంలోనే 2025 జూన్‌లో, మొగుడు చేసిన ఎనభై వేల అప్పుకు పెళ్లాన్ని చెట్టుకు కట్టేశారు. మొగుడు ఊరొదిలి పోయాడు, పిల్లల బడి కాగితాల కోసం వచ్చిన ఆమె దొరికింది. ముఖ్యమంత్రి మండిపడ్డారు, కేసు పెట్టారు, అరెస్టులు చేశారు. బాగానే ఉంది. కాకపోతే ఆడపిల్లకు ఆస్తిలో సమాన వాటా మన రాష్ట్రంలో 1985 నుంచి చట్టంలో ఉంది. ఆ వాటా అడిగితే అన్నదమ్ములకు వకీలు గుర్తొస్తాడు. అప్పులో వాటాకు వకీలు కూడా అక్కర్లేదు, తాడు చాలు. అదే 2025 జూన్‌లో ఫ్యాక్టరీల్లో పని రోజుకు తొమ్మిది గంటల నుంచి పదికి పెంచాలని నిర్ణయించారు, ఆడవాళ్లు రాత్రి షిఫ్టుల్లో చేయొచ్చన్నారు, దానికి సాధికారత అని పేరు పెట్టారు. కుప్పం నుంచి బెంగళూరు రైలెక్కి పోయి పనిచేసి, రాత్రి తిరిగొచ్చి సంగటి కెలికే ఆడమనిషికి ఆ పదకొండో గంట, పన్నెండో గంట ఎప్పట్నుంచో అలవాటే. దానికెవరూ చట్టం తేలేదు, కూలీ ఇవ్వలేదు.

సమ్మె 2024 జనవరి 22 రాత్రి ముగిసింది. జులైలో జీతం పెంచుతామని మాటిచ్చారు. జులై వచ్చేసరికి మాటిచ్చినవాళ్లు గద్దె మీద లేరు, వచ్చినవాళ్లు ఆ మాట నిలబెట్టలేదు. 2025 మార్చి 10న మళ్లీ చలో విజయవాడ, మళ్లీ దార్లో పోలీసులు. కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన గౌరవ వేతనం టీచరుకు 4,500, ఆయాకు 2,250 దగ్గర 2018 అక్టోబరు నుంచి అప్పటికీ కదల్లేదు. ఆయా ఏడు వేలను ముప్పై రోజులకు పంచితే రోజుకు 233 రూపాయలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 307. గుంత తవ్వితే 307, బిడ్డను సాకితే 233. ఇది ఏ అన్న లెక్కో మీరే తేల్చుకోండి.

మార్చి 8కి శాలువాలు, మెమెంటోలు కొనే ఆఫీసర్లకు ఒక మనవి. ఈసారి శాలువా వద్దు, ఉపన్యాసమూ వద్దు. వేదికెక్కి, జీతం పెంచిన జీవో నంబరు చదివి దిగిపోండి.